ఉల్లిపొట్టు రంగు చీర

నా మొదటి కథల పుస్తకం అచ్చుకు వెళుతోంది. వెనక అట్ట మీద వేయడానికి నా గురించి నాలుగు మాటలు కావాలట. పుస్తకం వేసేవాళ్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్‌కు ఒక కాగితం పంపింది. అందులో వరసగా ప్రశ్నలు, వాటి ముందు ఖాళీలు. ఇష్టమైన వంటకం, ఇష్టమైన చోటు, ఇష్టమైన రంగు, జీవితం నేర్పిన పాఠం. నన్ను పెళ్లిచూపులకు చూడడానికి వచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే, కన్నడం వస్తుందా అని. రాదన్నాను. "వస్తాదిలే" అన్నారు. ధర్మవరం నుంచి హిందూపురానికి, పాత్రల అంగడి ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లయింది. వాళ్లన్నట్టే వచ్చింది. ఇప్పుడు అంగట్లో అదేపనిగా బేరమాడేవాళ్లను రెండు భాషల్లోనూ కసరగలను.

సరే, అడిగారు కాబట్టి చెబుతాను. నాకు మాట దాచుకోవడం పెద్దగా రాదు. ముప్పై ఏళ్లు దాచింది ఒక్కటే ఉండేది. అది కూడా ఈ కాగితం పుణ్యమా అని బయటపడింది. అందుకే ఇది రాస్తుంటే చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికగా ఉంది.

వంటకం ఉగ్గాని. బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేయించి, పుట్నాల పొడి చల్లి కలిపితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. బెంగళూరు నుంచి వచ్చిన మా ఆయన తరఫు బంధువు ఒకామె దాన్ని నోట్లో పెట్టుకుని, ఇది ఏ రకం ఉప్మా అని అడిగింది. ఆమెకు మళ్లీ పెట్టలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా కథలు చదవబోయేవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది.

ఇష్టమైన చోటు పెనుకొండ. కోటలూ అవీ ఎక్కి చూశారా అని అడగకండి. ఎక్కింది ఒక్కసారే, బడిలో ఉన్నప్పుడు, మోకాలు పగలగొట్టుకుని దిగాను. నాకిష్టమైంది రైలు కిటికీలోంచి కనబడే పెనుకొండ. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య ఆ కొండ ఉంది. పుట్టింటికి పోయే ప్రతిసారీ అది కనబడగానే, ఈసారి నాయనకు చెప్పేస్తాను అనుకునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కనబడేది, నేనేమో చెప్పకుండానే వస్తూ ఉండేదాన్ని. ఆ కొండకు నా సంగతి తెలిసినంతగా మా ఆయనకు కూడా అప్పటికి తెలియదు. ఏం చెప్పాలి అంటారా, అక్కడికే వస్తున్నాను.

మూడో ఖాళీ దగ్గర ఆగిపోయాను. ఇష్టమైన రంగు. నీలం అని రాశాను. రాసి, కొట్టేశాను. నీలమంటే నాకేం ఇష్టం లేదు. మళ్లీ నీలం అనే రాశాను. అంతలో ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"మేడం, ఫొటోకి మీకు బాగా ఇష్టమైన చీర కట్టుకోండి. మీది ధర్మవరం కదా, పట్టుచీరలు బోలెడుంటాయి!"

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ధర్మవరంలో పుట్టినవాళ్లకు పట్టుచీరలు బోలెడుంటాయని ఈ లోకానికి ఎవరు చెప్పారో గానీ!

మా దగ్గర సంగతి వేరు. మగ్గం మీద చీర నేసేవాళ్లకు ఆ చీర సొంతం కాదు. పట్టు షావుకారు ఇస్తాడు, నేసిన చీర షావుకారుకే పోతుంది. అంచులో దారం తెగినా, చీర ఒంట్లో చార పడినా ఆయన తిప్పి పంపేస్తాడు. అట్లా తిరిగొచ్చినదాన్ని మా వీధిలో తప్పు చీర అనేవాళ్లు. తప్పు చీర ఆ ఇంటి ఆడవాళ్లది. పెళ్లిళ్లలో మా వీధి ఆడవాళ్లు కుచ్చిళ్లు పెట్టుకునే తీరు చూస్తే నాకు తెలిసిపోయేది, తప్పు ఎక్కడుంటే అక్కడ మడత. ఎదురింటామె పెళ్లి అయ్యేంతసేపూ కొంగును ఎడమచేత్తో గుప్పిట పట్టుకునే కూర్చునేది. ఏముందో ఆ కొంగులో ఈ రోజుకీ తెలియదు.

మా ఇంట్లో తప్పు చీర లేదు. ఎందుకంటే మా నాయన చేతిలో తప్పు రాదు. పక్కింటాయన నిద్రమత్తులో నేసేవాడు, వాళ్లింట్లో నాలుగు పట్టుచీరలు. మా అమ్మకు పెళ్లినాటిది ఒక్కటే. "మంచి పనోన్ని కట్టుకుంటే కట్టుకునేదానికి చీర లేకపోయె" అని అమ్మ నవ్వుతూ అనేది. నాయన మీసం కింద నవ్వుకునేవాడు. ఆ మాట ఆయనకు సన్మానం లాంటిది.

నాయనకు పేరొచ్చింది లేత రంగులకు. ముదురు ఎరుపులోనో ముదురు పచ్చలోనో రంగు కాస్త అటూ ఇటూ అయినా కలిసిపోతుంది. లేత రంగులో ఏదీ దాగదు. పట్టును కాగులో ముంచి రంగు వేస్తారు కదా, పొద్దున ముంచినదానికీ మధ్యాహ్నం ముంచినదానికీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడా మగ్గం గదిలో బల్బు వెలుతురుకు కనబడదు. ఎండలోనే కనబడుతుంది. అందుకని నాయన రోజూ పొద్దున్నే ఆ రోజు నేయాల్సిన కండెలన్నీ చాటలో పోసుకుని వాకిట్లో కూర్చునేవాడు. కండె అంటే పుల్లకు చుట్టిన పట్టుదారం, దాన్నే నాడెలో పెట్టి నేస్తారు. ఒక్కొక్క కండెనూ ఎండకు తిప్పి చూసి, తేడా అనిపించింది పక్కకు తీసి, మిగతావి లోపల మగ్గం పక్కన పెట్టేవాడు. "రంగు ఎండలోనే నిజం చెప్తాది పాపా" అనేవాడు నాతో. షావుకారు నలుగురిలో అనేవాడట, మిగతావాళ్ల చీరలు నేను చూసుకోవల్ల, ఈయప్ప చీర మడత గూడా విప్పను అని.

నాకు పదిహేడేళ్లు. తాడిమర్రిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. మా వీధి ఆడపిల్లలందరూ వాళ్ల వాళ్ల తప్పు చీరలు తీసి ఇస్త్రీ చేయించుకుంటున్నారు. నాకు నైలాన్ చీర. సరిగ్గా అప్పుడే మా మగ్గం మీద ఉల్లిపొట్టు రంగు చీర నడుస్తోంది. ఎర్ర ఉల్లిగడ్డకు పైపొట్టు తీశాక లోపల పలచటి పొర ఒకటి ఉంటుందే, ఆ రంగు. ముదురాకుపచ్చ అంచు. పొద్దున లేచింది మొదలు నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. అట్లాంటి రంగు నేను మళ్లీ చూడలేదు. ఆ చీర నాకే కావాలనిపించింది.

కండెలు చుట్టేది నేనే. మధ్యాహ్నం కాగులో వేసిన పట్టు కట్ట వేరుగా ఉండేది, కలవకూడదని నాయన దానికి తెల్లదారం ముడి వేశాడు. నేను ఆ ముడి విప్పాను. అందులోంచి రెండు కండెలు చుట్టి పెట్టుకున్నాను. మరుసటి రోజు పొద్దున నాయన ఎప్పటిలాగే ఎండలో అన్నీ చూసి, చాట లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని సంగటి తినడానికి వెళ్లాడు. నేను చాటలోంచి రెండు కండెలు తీసి, నావి రెండు పెట్టాను. అంతే. నాయన వాటిని బల్బు కింద నేసేశాడు.

చీర దిగిన రోజు షావుకారు ఇంటికి నాయన వెంట నేనూ పోయాను. మామూలుగా అయితే ఆయన మడత విప్పడు. ఆ రోజు ఎవరో కొనేవాళ్లు వచ్చి ఉన్నారు, గొప్పగా చూపించాలని ఎండలో పరిపించాడు. పరిచాక ఆయన వేలు ఒకచోట ఆగింది. కొంచెం జరిగి ఇంకోచోట ఆగింది.

"ఏమప్పా, నీ చేతిలో గూడా తప్పొచ్చెనే!" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయి.

నాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, కండెలు ఎట్లా చుట్టినావని అడుగుతాడు అనుకున్నాను. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఆయన నా వైపే చూడలేదు.

"పొద్దున్నే నేనే ఎండలో చూసి పెట్టుకుంటి. ఎవురినీ అనేదానికి లేదు. నా కండ్లే" అన్నాడు.

నోరు తెరవాల్సింది అప్పుడే. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నాయన ఇంటికొచ్చి చీర అమ్మ చేతిలో పెట్టి, "పాపకు ఉంచు, పెండ్లికి కట్టుకుంటాది" అన్నాడు. అమ్మ ముఖంలో సంతోషం లేదు. ఆ చీర కావాలని నేను చేసిందంతా జరిగిపోయింది, చీర నాదైపోయింది, నాకు మాత్రం దాన్ని ముట్టుకోవాలంటే భయమేసింది.

తాడిమర్రి పెళ్లికి కట్టుకున్నాను. రెండు చారలూ కుచ్చిళ్లలో దాచాను. ఎంతమంది చూశారో! "మీ నాయన నేసిందా? యాడన్నా తప్పుండాదా దీంట్లో?" అని అంచు పట్టుకుని మరీ అడిగారు. విస్తట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, వేశారు. నేను ఓళిగలంటే పడిచచ్చే మనిషిని. ఒక్క ముక్క తిని మిగతాది విస్తట్లోనే వదిలేశాను. ఆ రోజు మడిచి పెట్టెలో పెట్టినదాన్ని మళ్లీ కట్టలేదు.

ఆ తర్వాతే అసలు శిక్ష. నాయన పొద్దున్నే ఎండలో కండెలు చూసుకున్నాక నన్ను పిలిచేవాడు. "పాపా, రోంత ఇట్ల రా. నువ్వొకసారి చూడు. నా కండ్లను నమ్మేట్టు లేదు." నేను వెళ్లి చూసి, "అన్నీ ఒకటే నాయనా" అనేదాన్ని. తేడా ఉన్నవన్నీ ఆయన అప్పటికే తీసేసి ఉండేవాడు, ఒక్కటి కూడా తప్పు పోయేది కాదు. అయినా నేను చూస్తే తప్ప మగ్గం ఎక్కేవాడు కాదు. నాలుగు నెలలు అట్లా చేసి, ఒకరోజు షావుకారుకు చెప్పేశాడు, లేత రంగులు ఇంక నాకియ్యాకు అని. మగ్గం దిగేదాకా ఆయన మళ్లీ లేత రంగు ముట్టలేదు. అన్నీ ముదురు ఎరుపులు, ముదురు పచ్చలు, వంకాయ రంగులు. వాటికి కూడా నేను పెళ్లయి వెళ్లేదాకా నన్నే పిలిచి చూపించేవాడు.

ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో! పెళ్లికి ముందు చెబుదామనుకుంటే, పెళ్లి ఆగుతుందేమోనని భయం. పెళ్లయ్యాక చెబుదామనుకుంటే, అల్లుడి ముందు నాయనకు చిన్నతనమని. అమ్మ పోయినప్పుడు, ఈ దుఃఖంలో ఎందుకని. మనిషికి సాకులు దొరకాలే గానీ, ముప్పై ఏళ్లు ఒక లెక్కా! ఎవరైనా పుట్టింట్లో చీరల మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

పోయిన సంవత్సరం నాయనకు కంటి పొర తీశారు. కట్టు విప్పి, ఇప్పుడెట్లా ఉంది పెద్దాయనా అని డాక్టర్ అడిగితే, "ఇవి ముప్పై ఏండ్ల కిందనే మోసం చేసినాయి సార్, ఇప్పుడు నువ్వేం చేసినా ఒకటే" అన్నాడు. కంటి చుక్కల మందు చేతిలో పట్టుకుని పక్కనే ఉన్నాను నేను. ఆ నెలలోనే చెప్పేయాలని రైలెక్కాను. కొండ కనబడింది. పెనుకొండలో దిగిపోయాను. బల్ల మీద కూర్చుని ఉడకబెట్టిన చెనిక్కాయలు పొట్లమంతా తిని, ఎదురొచ్చే రైలెక్కి ఇంటికొచ్చేశాను. రైలు నడవడం లేదని మా ఆయనకు చెప్పాను. "నడవకుండానే ధర్మవరం చేరుకునిందంట చూడు" అని ఆయన ఫోన్ చూపించాడు.

కాబట్టి ఆ కాగితంలో నీలం అని రాసి, ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం రెండయింది. అంగట్లో ఎవరూ లేరు. మా ఆయన బిందెలు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి అంతా చెప్పేశాను ఆయనకు. చీర, ముడి, రెండు కండెలు, షావుకారు వేలు, పెనుకొండలో దిగిపోవడం, అన్నీ.

ఆయన ముందు నవ్వాడు. "ఇంతేనా! మొగం అట్ల పెట్టుకుంటే నేనేమో ఇంకేం ఘోరం చెప్తావో అనుకుంటి." తర్వాత నవ్వడం మానేసి, తుడిచిన బిందెనే మళ్లీ తుడిచాడు. "దుడ్ల బాకీ అయితే ఎవురి చేతనన్నా పంపించొచ్చు. ఇది నువ్వే పోయి చెప్పల్ల. పో. అంగడి నేను చూసుకుంటా."

"నాయన తట్టుకోలేకపోతే?"

"నువ్వు ముప్పై ఏండ్లు తట్టుకుంటివే, ఆయన తట్టుకోలేడా? ఈసారి పెనుకొండలో దిగాకు."

దిగలేదు. మరుసటి రోజు పొద్దున రైల్లోంచి కొండ కనబడినప్పుడు చేతిసంచిని ఒడిలో గట్టిగా పట్టుకుని తల దించుకున్నాను. సంచిలో చీర ఉంది.

నాయన ధర్మవరంలో మా అన్న దగ్గర ఉంటాడు. అన్నకు రెండు మగ్గాలు. నేను వెళ్లేసరికి నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు.

"ఏం పాపా, చెప్పకుండా వస్తివే? అంతా బాగుండారా?"

"బాగుండాము నాయనా. నీకొక మాట చెప్పల్లని వస్తి."

"చెప్పు."

రైల్లో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. సంచిలోంచి చీర తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన పేపర్ పక్కన పెట్టాడు. ఆ చీరను చూడగానే పోల్చుకున్నాడు.

"దీంట్లో కండెలు నేనే మార్చినా నాయనా. నువ్వు పొద్దున చూసి లోపల పెట్టినంక. ఈ చీర నాకు కావల్లని."

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పు అన్నాడు. ముడి విప్పడం దగ్గర మొదలుపెట్టి చెప్పాను. ఆయన ప్రశ్నలు పోలీసు ప్రశ్నల్లా వచ్చాయి.

"నేను ఎండలో చూసినప్పుడు అవి చాటలో లేవా?"

"లేవు నాయనా."

"నేను చూసినవన్నీ సరైనవే?"

"అన్నీ సరైనవే. నువ్వు సంగటి తినేదానికి పోతే నేను మార్చినా."

నాయన కుర్చీలోంచి లేచాడు. "రేయ్, బిన్నా రా" అని అన్నను తొందరపెడుతూ కేకేశాడు. "ఆ కొన పట్టుకో." ఇద్దరూ చీరను వాకిట్లో ఎండలో చాపారు. నాయన వంగలేదు, దగ్గరికి కూడా పోలేదు. నిలబడినచోటు నుంచే వేలు చూపించాడు. "ఇదొకటి. అదొకటి. రెండు కండెలు."

"రెండే నాయనా."

అప్పుడు వచ్చింది కోపం. నా కోపం ఎవరి పోలికో నాకు ఆ రోజు గుర్తొచ్చింది.

"ముప్పై ఏండ్లు పాపా! ముప్పై ఏండ్లు ఈ కండ్లను తిట్టుకుంటినే! లేత రంగు ఒకటన్నా ముట్టుకుంటినా నేను? గంధం రంగు వచ్చె, వద్దంటి. లేత గులాబి వచ్చె, వద్దంటి. పొద్దునపూట నిన్ను పిలిచి చూడమంటాంటినే, అప్పుడన్నా నీకు నోరు రాలేదా?" నా నెత్తిన ఒక మొట్టికాయ పడింది. నాకు నలభై ఏడేళ్లు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "నగాకురా!" అని నాయన వాడి మీద అరిచాడు.

"చీర కావల్లంటే నన్ను అడగల్ల గదా! నేసియ్యనా?"

"అడిగితే నేసిస్తాంటివా నాయనా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఇయ్యలేకపోతాంటినేమో" అన్నాడు చివరికి. "అయినా అడగల్ల."

ఇంట్లోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వదిన సంగటి, దాంట్లోకి చెనిక్కాయల ఊరుబిండి పెట్టింది. నాయన నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు, నా వైపు చూడలేదు. చెప్పేస్తే గుండె మీది బండ దిగిపోతుందంటారు. ఎవరన్నారో వాళ్లు కనబడితే రెండు భాషల్లోనూ అడిగేదాన్ని. నాకేమో ఇంకో బండ ఎక్కినట్టుంది. సాయంత్రం రైలుకు పోదామని సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

వాకిట్లో ఏదో గలగలమంది. తలుపు చాటు నుంచి చూశాను. నాయన అన్న మగ్గం పక్కనున్న చాట తెచ్చుకుని ఎండలో కూర్చున్నాడు. చాటలో గంధం రంగు కండెలు. ఒక్కొక్కటీ ఎత్తి, ఎండకు తిప్పి, పక్కన పెడుతున్నాడు. ఎవరినీ పిలవలేదు. నన్ను పిలవలేదు. నాకు పదిహేడేళ్లప్పుడు ఆయన ఎట్లా కూర్చునేవాడో అట్లాగే కూర్చున్నాడు, వీపు నిటారుగా. చాట సగమయ్యాక ఒక కండె దగ్గర ఆగాడు. రెండుసార్లు తిప్పాడు. విడిగా పెట్టాడు.

"రేయ్, ఇది వేరే కాగు."

అన్న వచ్చి చూశాడు. "అన్నీ ఒకటే కట్ట నాయనా. నాకైతే ఒకటే మాదిరి ఉండాది."

"నీ కండ్లకు. లోపలికి పోయి అడుగుపో."

అన్న లోపలికి పోయాడు. కండెలు చుట్టే వదినతో ఏదో మాట్లాడాడు. తల గోక్కుంటూ వచ్చాడు. "అవు నాయనా. పోయిన చీరలో మిగిలినవి దీంట్లో పడినాయంట."

నాయన తలుపు వైపు తిరిగాడు. నేను చాటున ఉన్నానని తెలుసు ఆయనకు. ముఖమంతా నవ్వు.

"పాపా, చూసినావా?"

"చూస్తి నాయనా" అన్నాను. ఏడుపు వచ్చేసింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో! అప్పుడు దిగింది బండ. ఆయన పక్కన నేల మీద కూర్చుని, సిగ్గులేకుండా బావురుమన్నాను. "గమ్మునుండు, అందరూ చూస్తాండారు" అంటూ చాట నా వైపు జరిపాడు. మిగతా సగం ఇద్దరం చూశాం. నాకు ఒక్కటీ దొరకలేదు. ఆయనకు ఇంకొకటి దొరికింది.

బయల్దేరేటప్పుడు పుస్తకం సంగతి, కాగితం సంగతి చెప్పాను. ఇదంతా రాస్తావా అన్నాడు. నువ్వు వద్దంటే రాయను అన్నాను.

"వద్దంటానా! రాయి. బాగా కనపడేట్టు రాయి. ఆ షావుకారు పోయె గానీ, ఆయప్ప కొడుకులుండారు. వాళ్లు చదవల్ల."

తిరుగు రైల్లో కిటికీ పక్కనే కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమెతో ఉల్లిగడ్డల ధర గురించి వాదన పెట్టుకున్నాను. మాటల్లో పడి చూసుకోలేదు, పెనుకొండ ఎప్పుడో దాటిపోయింది.

ఇంటికొచ్చి నీలం కొట్టేసి, ఉల్లిపొట్టు అని రాశాను. ఫొటోకు ఆ చీరే కట్టుకున్నాను. ఈసారి రెండు చారలూ కుచ్చిళ్లలో దాచలేదు, ముందుకు వచ్చేట్టు కట్టాను. చివరి ఖాళీ కూడా నింపి పంపించేశాను. మరుసటి రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, జీవితం నేర్పిన పాఠం అన్నచోట మీరు వేరే ఏదో రాశారు. పొరపాటున పడిందేమోనని..."

"ఏం రాశాను, చదువమ్మా."

ఆమె చదివింది. "మా నాయన చేతిలో ఎప్పుడూ తప్పు రాలేదు. ఆ చీరలో తప్పు నాది."

"సరిగ్గానే ఉంది."

"కానీ ఇది పాఠం కాదు కదా మేడం?"

"కాదమ్మా. అయినా అక్కడ అదే వేయండి. మా నాయన కండ్లజోడు తుడుచుకుని కూర్చోనుండాడు చదవడానికి."